గట్టర్‌లో పోసినది ఎవరికి చేరును?



వర్షాకాలములో కామాటిపుర గల్లీలలో నీరు నిలిచినప్పుడు మనమందరము మునిసిపాలిటీని నిందించుచున్నాము. నింద కొంతవరకు న్యాయమే. అయితే ఈ స్థలము మొదటినుండి పల్లమే. 1780ల నాటి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు నీటిని ఆపిన తరువాతనే ఈ చిత్తడినేల నివాసయోగ్యమైనది. తెలుగు ప్రాంతములనుండి కూలి పనికి వచ్చిన కామాటీల పేరే దీనికి నిలిచినది. నగరపు పాత వాన కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వర్షమునకే కట్టినవి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్లు కురిసినది.

సరే, నీరు తీసిన తరువాత అది ఎక్కడికి పోవుచున్నదని మనలో ఎందరము అడిగితిమి? సండాసు నీటికి వేరే పైపులున్నవి. వాననీటి గట్టర్ మాత్రము శుద్ధి కేంద్రమునకు పోదు, సముద్రమునకే పోవును. చాల్ ముందర రంగు బ్రష్షులు కడిగిన టర్పెంటైను, హోటలువాడు పారబోసిన నూనె, గుట్కా పొట్లములు, అన్నియు మొదటి వానతోనే కొట్టుకొనిపోవును. ఆ సముద్రములోనే వర్లీ కోలీవాడవారు వల వేసి బ్రతుకుచున్నారు. వారి ముఖము మనము చూడలేదు. ముఖము చూడనివాడు పొరుగువాడు కాడా?

1974 నాటి నీటి కాలుష్య చట్టము తెలిసి మురికిని నీటిలో వదలుట ఎవరికైనను నిషిద్ధమే అనుచున్నది. కాని ఫ్యాక్టరీకి ఒక పైపుండును, అధికారి పోయి పట్టుకొనగలడు. వాననీటికి అట్టి యజమాని ఎవడు? వెయ్యి గుమ్మముల మురికి కలిసి ఒక్క కాలువగును. అమెరికాలో 1987లో చట్టమును సవరించి, పెద్ద నగరముల వాన కాలువలకును పర్మిట్ పెట్టి నగరమునే జవాబుదారిని చేసిరి. మంచిదే. ఆ నగరమైనను చివరకు గుమ్మము దగ్గరకే రావలెను గదా.

"నా ఒక్క బకెట్టుతో సముద్రము చెడునా?" అందురు. చెడదు. ప్రతివాని బకెట్టును గూర్చి ఈ మాట నిజమే, అయినను సముద్రము చెడినది. మన వంతు చిన్నదైతే అప్పు చిన్నదగును గాని కొట్టివేయబడదు.

ఇట్లనినందున చాల్‌వారినే మురికివారనుట మాకు సమ్మతము కాదు. కచరా బండి నిలువని గల్లీలో చెత్త ఎక్కడ వేయవలెను? 2016 నాటి కేంద్ర నియమములు చెత్తను గట్టర్‌లో వేయరాదనియు, రంగు డబ్బాలను వేరుగా ఉంచి అప్పగించవలెననియు చెప్పినవి. ఎవరికి అప్పగించవలెనో అడుగుటకు ప్రతి చాల్‌నుండి ఇద్దరు వార్డు ఆఫీసుకు పోవచ్చును. జూన్ రాకముందే పోవలెను.