సంబంధాల వాకబులో మనసు జబ్బు

అమెరికాలోని తెలుగు కుటుంబాలు మానసిక చికిత్సకు వెనకాడటానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. చాలా ఇళ్లలో ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్స్ ఉంది. మానసిక జబ్బులకు కవరేజీ ఇచ్చే ప్లాన్లు శరీర రోగాలకు లేని ఆంక్షలు వీటికి పెట్టకూడదని 2008లో ఫెడరల్ చట్టం వచ్చింది. అయినా 2021 నాటి ప్రభుత్వ సర్వేలో, మానసిక జబ్బు ఉన్న తెల్లజాతి పెద్దల్లో సగానికి పైగా ఆ ఏడాది చికిత్స పొందితే, ఆసియా మూలాలవారిలో పొందింది సుమారు నాలుగో వంతే. ఈ లెక్కలో చైనా, కొరియా, వియత్నాం మూలాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల కారణాలు వాళ్లవి. మన కారణాల్లో పెద్దది మాత్రం మనందరికీ తెలుసు: బయటపడితే సంబంధాలు రావు.

సముద్రాలు దాటినా వాకబు ఆగదు. డాలస్‌లో ఉన్న అబ్బాయి గురించి గుంటూరులో అడుగుతారు, కరీంనగర్ అమ్మాయి గురించి న్యూజెర్సీలో ఆరా తీస్తారు. జబ్బు ఒకరిదైతే చెల్లెలి పెళ్లీ ఆగుతుందని తల్లిదండ్రుల భయం. బైపోలార్, స్కిజోఫ్రేనియా వంటివి ఎక్కువగా బయటపడేది పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య. మనం సంబంధాలు చూసే వయసూ అదే. అంటే చికిత్స బాగా పనిచేసే తొలి సంవత్సరాలను మనం దాచడానికి ఖర్చు చేస్తున్నాం. “పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి” అని ముడి వేస్తాం. ఆ తర్వాత మాత్రలు అత్తింట్లో కనపడకూడదు కాబట్టి ఆగిపోతాయి. బైపోలార్ ఉన్న స్త్రీకి కాన్పు తర్వాతి వారాల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. డిపెండెంట్ వీసా మీద వచ్చి, పుట్టింటికి దూరంగా, మందుల సంగతి భర్తకు కూడా చెప్పుకోలేని అమ్మాయిని ఆ వారాల్లో ఎవరు కనిపెట్టి ఉంటారు? ఇంతకంటే క్రూరమైన పరువు నాకు తోచదు.

జబ్బు వంశంలో రావచ్చు కదా, అడగడం తప్పా అంటారు. తప్పు కాదు. స్కిజోఫ్రేనియా ఉన్నవారి తోబుట్టువులకు అది వచ్చే అవకాశం పదిశాతం లోపే. నూటికి తొంభై మందికి పైగా రాదు. షుగరూ గుండెజబ్బూ కూడా కుటుంబాల్లో నడుస్తాయి, వాటి పేరు చెప్పి చెల్లెలి సంబంధం తప్పించుకున్నవాళ్లు అరుదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక దంపతుల కేసులో, భార్యకు స్కిజోఫ్రేనియా అని భర్త కోరిన విడాకులను 2013లో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ జబ్బును బీపీ, షుగర్‌ల మాదిరి మందులతో అదుపులో ఉంచవచ్చన్న వైద్యుల మాటను లెక్కలోకి తీసుకుంది. న్యాయస్థానం పేరుకు కాక తీవ్రతకు విలువ ఇస్తే, మనం పేరు వినగానే ఫోన్ పెట్టేస్తున్నాం. గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందన్న భయం మరొకటి. వైద్యపరీక్షలో చూసేది జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. డిప్రెషన్‌కు మందులు వాడినంత మాత్రాన దారి మూసుకోదు. ఇక ఇంటి ఆప్యాయత, దేవుడి మీద భక్తి చాలవా అనేవాళ్లకు నా జవాబు: ఆప్యాయత చాలా పెద్ద మందు. కుటుంబానికి జబ్బు గురించి నేర్పితే స్కిజోఫ్రేనియా తిరగబెట్టడం తగ్గుతుందని అనేక అధ్యయనాలు చూపాయి. కానీ నేర్పాలంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలియాలి కదా.

అందుకే మార్పు సంబంధం అడిగేవాళ్ల దగ్గర, ముఖ్యంగా మగపిల్లవాడి తల్లిదండ్రుల దగ్గర మొదలవ్వాలి; ఈనాటికీ ఎంచుకునే బలం ఎక్కువగా వాళ్లదే. “మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని కాకుండా “మందులు వాడుతున్నారా, ఎన్నాళ్లుగా నిలకడగా ఉన్నారు, డాక్టరు ఏమంటున్నారు?” అని అడిగితే నిజం చెప్పడానికి అవతలివాళ్లకు ధైర్యం వస్తుంది. మన సంఘాల మహాసభల్లో పెళ్లి పరిచయ వేదికలు ఎలాగూ పెడుతున్నాం, సైకియాట్రిస్టులైన తెలుగువాళ్లు ఈ దేశంలో చాలామందే ఉన్నారు. వచ్చే సభల్లో ఆ వేదిక పక్క గదిలోనే ఒకరిద్దరు డాక్టర్లను కూర్చోబెట్టి, పేరు అడగకుండా తల్లిదండ్రుల సందేహాలు తీర్చే ఏర్పాటు చేద్దాం. ఆ గది తలుపు మీద 988 నంబరు పెద్ద అక్షరాల్లో రాసి పెడదాం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు 2022 జూలై నుంచి ఈ దేశంలో ఎక్కడినుంచైనా, ఏ వేళైనా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.