నడిమి తీగె

ధ్యాన వాక్యములు: 2 కొరింథీయులకు 10:12, గలతీయులకు 6:2



2024 జూలై 8వ తేదీన బెరిల్ అను తుపాను అమెరికాలోని టెక్సాస్ తీరమును తాకెను. హ్యూస్టన్ పట్టణ ప్రాంతములో 20 లక్షలకు పైగా ఇండ్లకును దుకాణములకును కరెంటు పోయెను. మన సంఘపు తల్లి ఒకామె ఆ దినములలో అక్కడ కుమారుని యింట నుండెను. ఆమె ఇన్సులిన్ మందు ఫ్రిజ్‌లో నుండెను. ఆమె తిరిగి వచ్చి చెప్పిన సంగతి నా మనస్సులో నిలిచిపోయినది.

కుమారుడు ఒక చిన్న జనరేటరు తెచ్చెను. దాని పొగ ప్రాణము తీయును గనుక, ఇంటికి దూరముగా ఆరుబయట నుంచి నడిపి, పొడుగాటి తీగెతో కరెంటు లోపలికి తెచ్చెను. మన యూరి ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు. అక్కడ మామూలు సాకెట్టుకు 120, పెద్ద యంత్రములకు 240 వోల్టులు. ఆ జనరేటరు రెండును ఇయ్యగలదు. అదెట్లనగా, దానిలో రెండు ఫేజు తీగెలు, వాటికి నడుమ న్యూట్రల్ తీగె యుండును. నడిమి తీగె నుండి ఏ ఫేజుకు కొలిచినను 120 చూపును. ఒక ఫేజు పైకి లేచునప్పుడు రెండవది క్రిందికి దిగును గనుక, ఆ రెంటి నడుమ 240 చూపును.

ఒక ఫేజు మీద ఫ్రిజ్, రెండవదాని మీద దీపములు పెట్టిరి. కుమారుడు మీటరుతో రెండు ఫేజుల నడుమ కొలిచెను. సరిగా 240! “అంతా బాగున్నదమ్మా” అనెను. ఆ తల్లి, “నాయనా, లెక్క బాగుంటే ఫ్రిజ్ ఎందుకు మూలుగుతున్నది? బల్బులు ఎందుకు మాడిపోతున్నవి?” అని అడిగెను.

పొరుగున నున్న ఎలక్ట్రీషియను వచ్చి, నడిమి తీగె నుండి కొలిచెను. ఫ్రిజ్ వైపు 90, దీపముల వైపు 150! రెండును కలిపిన 240 గదా! మొత్తము సరిపోయినది గాని పంపకము చెడినది. జనరేటరు నొద్ద కొలువగా రెండు వైపులను 120 చొప్పున సమముగానే యుండెను. ఇంజను ఆపి, ఇంటివైపు ప్లగ్గు విప్పగా, లోపల న్యూట్రల్ తీగె ఊడియున్నది. దానిని బిగించినంతనే రెండును సమమాయెను. మందు చెడకముందే ఫ్రిజ్ చల్లబడెను. (ఇట్టి పని తెలిసినవాడే చేయవలెను, మనము చేయి పెట్టరాదు.)

ప్రియులారా, దీనిలో మూడు సంగతులు గమనింతము.

మొదటిది, వోల్టు అనునది ఒంటరి లెక్క కాదు. ఒక చోటి నుండి మరియొక చోటికి కొలుచునది. దేనినుండి కొలుచుచున్నాము? పౌలు కొరింథు సంఘమును హెచ్చరించినది ఇదియే. పొరుగువానితో పోల్చుకొన్నంత కాలము మన మీటరు మంచి అంకెయే చూపును. క్రీస్తు నుండి కొలిచినప్పుడే నిజము బయలుపడును.

రెండవది, నడిమి తీగె ఊడినప్పుడు తక్కువ బరువు మోయు వైపునకే ఎక్కువ వోల్టులు పోయి, అదే కాలిపోవును. ఎక్కువ బరువు మోయు వైపు నీరసించును. కోతపండుగ కానుక మొత్తము నిండినది గదా అని మనము సంతోషింతుము. గాని విధవరాలు చీర కొనక దాచినది వేసెను, పది ఎకరముల వాడు చిల్లర వేసెను. మొత్తము 240, లోపల 90, 150! ఆమె ఇల్లు మూలుగుచున్నది. అతని ఆత్మ మాడుచున్నది.

మూడవది, లోపము ఇచ్చు చోట లేదు. దేవుని కృప అందరికిని సమమే. ఊడినది మన వైపు ప్లగ్గులోనే. దేవునికిని నరునికిని మధ్యవర్తియైన క్రీస్తు మన నడుమ బిగువుగా నున్నాడా? ఈ నెల మీ పేటలో నీరసించిన ఇల్లు ఏదో వెదకి, దాని భారములో మీ పాలు మోయుడి.

ప్రభువు మనలను సమకూర్చును గాక. ఆమేన్.