ఏ కళాశాల? ఎవరి మాట?

జూన్ నెల వచ్చినదంటే మన పల్లెలలో రెండే మాటలు వినబడును. ఒకటి వానల మాట, రెండవది సీట్ల మాట. వాన విషయములో ఇంటిల్లపాదికిని ఒకటే కోరిక. సీటు విషయములో అట్లు కాదు. తండ్రి ఒక కళాశాల అనును, కుమారుడు మరియొకటి అనును. తల్లి ఇద్దరికిని అన్నము వడ్డించుచు ఎవరి పక్షమునను మాటలాడలేక యుండును. మూడవ దినమున అందరును కలిసి పాస్టరు ఇంటికి వత్తురు. "అయ్యగారూ, తలిదండ్రులను సన్మానించమని వాక్యంలో ఉంది గదా, మీరైనా చెప్పండి" అందురు. ఆజ్ఞను చేతికర్రగా అడుగవచ్చిన వారికి దానిని వెంటనే అందించుట నాకు ఇష్టము లేదు.

ప్రియ చదువరులారా, ఆ ఆజ్ఞ గొప్పదే. అయితే బి.కాం. మేలా, ఇంజనీరింగు మేలా, గుంటూరు మేలా, దగ్గరి పట్టణము మేలా అని అది చెప్పదు. సన్మానించుట అనగా నోరు మూసికొనుట అని కొందరు తలంచుదురు. నోరు మూసికొని చేరి, రెండేండ్లు పుస్తకము తెరువక, తండ్రి సొమ్ము వ్యర్థపరచిన కుమారుడు తండ్రిని సన్మానించెనా? నాకు తోచినంతలో, సన్మానములో మొదటి భాగము దాచకుండుట.

మా సంఘములో ఒక కుటుంబమున్నది. కుమార్తె ఇంటర్మీడియెట్ ముగించి, గుంటూరులో హాస్టలులో ఉండి డిగ్రీ చదువుదునన్నది. తండ్రి, "ఆడపిల్ల, అంత దూరం వద్దు" అన్నాడు. "అన్నయ్యను పంపినప్పుడు దూరం లేదా?" అని ఆమె అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. పదునైదు దినములు ఇవే మాటలు. ఒక సాయంకాలము గృహ ప్రార్థన ముగిసిన పిమ్మట తల్లి ఉండబట్టలేక, "అసలు సంగతి చెప్పరాదూ?" అన్నది. అప్పుడు తండ్రి తల వంచుకొని చెప్పెను. పెద్దవాని ఇంజనీరింగు నిమిత్తము ఉన్న రెండెకరములును తాకట్టులో నున్నవి. ఇంక నెలనెలా హాస్టలు ఖర్చు తన వలన కాదు. దూరము అనునది అతడు అప్పు మీద కప్పిన దుప్పటి.

ఆమెయు ఒక సంగతి దాచినది. గుంటూరులో పాఠములు బాగుగా చెప్పుదురని అంతవరకు అనుచుండెను. ఇప్పుడు, "ఇంట్లో ఉంటే గేదెల పనీ, నీళ్ల పనీ, తమ్ముళ్ల పనీ నా మీదే పడుతుంది నాన్నా. పుస్తకం పట్టేదెప్పుడు?" అన్నది. తండ్రికి ఆ సంగతి ఎన్నడును తోచలేదట! ఆమె దగ్గరి కళాశాలలోనే చేరెను. గేదెల పని అతడును తమ్ముళ్లును పంచుకొనిరి. అంతా సంతోషముగా ముగిసినదని చెప్పను. గుంటూరు బస్సు కనబడినప్పుడు నేటికిని తన మనస్సు లాగునని ఆమె అనును. అయితే వారి మధ్య వాదము లేదు.

నేటి పద్ధతిలో దాచుట మరి సులభమైనది. కళాశాలల పేర్లు వరుసగా వెబ్ ఆప్షన్లలో పెట్టవలెను. ఇంట ఒక వరుస అనుకొని, ఇంటర్నెట్ షాపులో మరియొక వరుస పెట్టు కుర్రవారున్నారు. బిడ్డ నడుగకయే ఎవరో బంధువుచేత పెట్టించు తండ్రులును ఉన్నారు. రెండును ఒకటే తప్పు.

ఇది క్రొత్త తప్పు కాదు. మార్టిన్ లూథరు తండ్రి హాన్స్ రాగి గనుల పనిలో కష్టపడి కుమారుని ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమునకు పంపెను. అతడు న్యాయవాది కావలెనని తండ్రి ఆశ. ఎం.ఏ. అయిన కుమారుని "మీరు" అని పిలిచెనట. 1505 జూలైలో ఉరుముల భయములో మ్రొక్కుకొని, తండ్రితో చెప్పకయే లూథరు న్యాయశాస్త్రము విడిచి మఠములో చేరెను. తండ్రి మరల "నువ్వు" అనెను. 1521లో సన్యాస వ్రతములను గూర్చిన తన గ్రంథమును తండ్రికే అంకితమిచ్చుచు, ఆ కోపములో న్యాయమున్నదని లూథరు ఒప్పుకొనెను.

అన్నియు బయటపెట్టిన తరువాతను మనస్సులు కలియనిచో? ఇంటర్మీడియెట్‌లో చేరు బిడ్డకు పదునైదో పదునారో ఏండ్లు. అక్కడ తలిదండ్రుల మాటకే బరువు ఎక్కువ. డిగ్రీ నాటికి పదునెనిమిది నిండును. చట్టమును అతనిని పెద్దవాడనే అనును. అప్పుడతడు తన దారిన వెళ్లవచ్చును. తండ్రికి తెలియకుండ మాత్రము కాదు. తండ్రి పొలము అమ్మించియు కాదు. తండ్రియు, నీకు నాకు సంబంధము లేదని అనదగదు. బస్సు దాక పెట్టె మోసికొని వచ్చుటకు సమ్మతి అక్కరలేదు గదా.

1507లో లూథరు గురువై తొలిసారి బలిపూజ జరిపిన దినమున హాన్స్ రాకుండ ఉండలేదు. ఇరువది గుర్రముల పరివారముతో వచ్చి, మఠపు వంటశాలకు కానుక ఇచ్చెను. భోజనపు బల్లయొద్ద మాత్రము ఊరకుండలేదు. తలిదండ్రులను సన్మానించవలెనని నువ్వు వినలేదా అని గురువులందరి యెదుట అడిగెను.