సున్నాను నమ్మినంత తేలిగ్గా

మార్కు అబద్ధమాడుతుందా? మా వాడలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పటేలు మాట అబద్ధమని మా అయ్యకు తెలుసు. వడ్డీ కాయితంలో అంకె అబద్ధమని వేలిముద్ర వేసేటప్పుడే అమ్మకు తెలుసు. పరీక్ష మార్కు మాత్రం నిజమనుకున్నారు. దాని మీద సర్కారు ముద్ర ఉంది. పేపరు దిద్దేటోనికి మన ముఖం కనపడదు. కులం అడగని జాగ అదొక్కటేనని నమ్మి మా అయ్య, తోళ్ల పని తనతోనే ఆగిపోవాలని, నన్ను బడికి తోలిండు.

తొమ్మిదో తరగతిలో లెక్కల్లో నాకు 91 వచ్చినయి. సారు పేపరు వెనక్కి తీసుకున్నడు. ఒకసారి కూడిండు, రెండోసారి కూడిండు, పక్క క్లాసు సారును పిలిచి కూడమన్నడు. "ఏందిరా, ఎవని పేపర్ల చూసి రాసినవ్?" అన్నడు. ఎంత కూడినా 91 అట్లనే నిలబడ్డది. ఆ తర్వాతి పరీక్షలో సైన్సులో 28. ఒక జవాబుకు మార్కు వెయ్యడమే మరిచిపోయిండని చూపెడితే, "వచ్చినయే ఎక్కువ, పో" అన్నడు. ఆయన చెడ్డోడని చెప్పటానికి ఇది రాయడం లేదు. మిగతా పిల్లలతో ఎట్లుండెనో నాతో అట్లనే ఉన్నాననుకునే మనిషి. కానీ ఆయన లోపల ఒక తక్కెడ ఉంది. మాకు ఎక్కువొస్తే అది పొరపాటు. తక్కువొస్తే అది మా పుట్టుక. నా తగాదా అంతా ఆ తక్కెడతోనే.

యంత్రం వచ్చింది, ఇక తక్కెడ పోయిందన్నారు. గుండ్రాలు నింపితే చాలు, ఎవడు నింపిండో దానికి పట్టదన్నారు. నిజమే, పట్టదు. కానీ యంత్రమూ తప్పు చేస్తుంది. 2005 అక్టోబరులో అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు పెట్టే శాట్ పరీక్షలో ఇదే జరిగింది. జవాబు కాయితాలు తేమకు ఉబ్బి, యంత్రం గుర్తులను సరిగా చదవలేదు. 4,400 మందికి పైగా పిల్లలకు రావాల్సిన దానికన్నా తక్కువ మార్కులు పడ్డాయి. 2,400 మార్కుల పరీక్షలో అన్నిటికన్నా పెద్ద తేడా 450. కాలేజీలకు ఈ సంగతి చెప్పింది 2006 మార్చిలో, అంటే ఎవరికి సీటివ్వాలో తేల్చుకుంటున్న రోజుల్లో. అది ఎట్ల బయటపడ్డదనేదే నాకు ముఖ్యం. ఇద్దరు విద్యార్థులు ఇవి మా మార్కులు కావని పట్టుబట్టి, రుసుము కట్టి, చేత్తో దిద్దమని అడిగారు. ఆ ఇద్దరూ గమ్మున ఊరుకుంటే? అన్నట్టు, ఎక్కువ మార్కులు పడ్డవాళ్లు కూడా 600 మందికి పైగా ఉన్నారు. వాళ్ల మార్కులు మాత్రం తగ్గించలేదు.

తప్పును అనుమానించడానికి కూడా ఆస్తి కావాలి. డబ్బు ఒక్కటే కాదు. "నా బిడ్డకు ఇంత తక్కువ రావు" అని చెప్పగలిగే తల్లిదండ్రులు కావాలి. ఆ ధీమా తరతరాలుగా చదువుకున్న ఇంట్లో అరక మీది అన్నంలా దొరుకుతుంది. మా ఇండ్లల్ల దొరకదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినయి. ఆ ఏడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇంటర్ తప్పిన పిల్లకు ఎంసెట్ రాసీ లాభం లేదు. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా పడ్డది. పరీక్ష రాసినవాళ్లను రాలేదని చూపారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సున్నా వచ్చిన అమ్మాయి బాగా చదువుతుందని అందరికీ తెలుసు కనుక సున్నాను ఎవరూ నమ్మలేదు, పేపర్లలో రాశారు. సంతోషమే. మరి ఎప్పుడూ నలభై, యాభై తెచ్చుకునే పిల్లకు సున్నా పడితే? ఆ సున్నాను ఊరు నమ్ముతుంది, లెక్చరర్ నమ్ముతడు, ఆఖరికి ఆ పిల్ల కూడా నమ్ముతుంది.

రీవెరిఫికేషన్‌కు సబ్జెక్టుకు 600 రూపాయలు. ఎండాకాలం, చేతిల కూలి లేని దినాలు. పిల్లలు చచ్చిపోయి, తల్లిదండ్రులు ఇంటర్ బోర్డు ముందు కూర్చున్నాక, తప్పినవాళ్ల పేపర్లు ఉచితంగా చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. చూస్తే 1,137 మంది పాసయ్యారు. ఫీజు అట్లనే ఉండి ఉంటే వీళ్లలో ఎందరు అడిగేవాళ్లు? అడగనివాళ్లు జన్మంతా ఫెయిలయినవాళ్లుగానే బతికేవాళ్లు గదా!

1990లో మండల్‌కు వ్యతిరేకంగా మెరిట్ మెరిట్ అని అరుస్తూ అగ్రకుల విద్యార్థులు రోడ్ల మీద చెప్పులు పాలిష్ చేసిండ్రు, చీపుర్లు పట్టి ఊడ్చిండ్రు. మా అయ్య జీవితమంతా చేసిన పని వాళ్లకు వెక్కిరింత. ఒక్క మార్కు తేడాతో దేశం మునిగిపోతుందన్నారు. అంత పవిత్రమైన మార్కును లెక్కించే పనిని మాత్రం ఎవరికి అప్పజెప్పారు, ఎట్ల చేశారు అని వాళ్లెవరూ అడగంగ నేను వినలేదు.

2024 నీట్ సంగతి ఇంకా చిక్కు. ఫిజిక్సులో ఒక ప్రశ్నకు రెండు జవాబులను ఒప్పుకొని మార్కులిచ్చారు. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమైనవని ఉంది, కొత్త పుస్తకంలో చాలా మూలకాలవి అని దిద్దారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగింది. కొత్త పుస్తకం జవాబు ఒక్కటే సరైనదని తేలింది. పాత జవాబు పెట్టిన 4.2 లక్షల మందికి వచ్చిన నాలుగు మార్కులు పోయి, ఒకటి మైనస్ పడ్డది. అంటే అయిదు. 720కి 720 వచ్చినవాళ్లు 67 మంది నుంచి చివరికి 17 మందికి దిగారు. ర్యాంకులన్నీ మళ్లీ కదిలినయి.

శాస్త్రం ప్రకారం అదే న్యాయం. విచ్ఛిన్నమయ్యే పరమాణువులున్నప్పుడు అన్నీ స్థిరమని రాసినవాడికి మార్కు ఎందుకియ్యాలె? నేను కాదనను. కానీ పాత పుస్తకం ఎవరి ఇంట్ల ఉంటది? నేను చదివిన ఫిజిక్స్ పుస్తకం నాకంటే ముందు ముగ్గురి చేతులు మారింది, అట్ట లేదు, మొదటి పాఠం లేదు. ఆ 4.2 లక్షల్లో కోచింగు సెంటర్ల పిల్లలూ ఉంటారు, నిజమే. అయినా సర్కారు అచ్చేసిన మాటను నమ్మినందుకు మైనస్ మార్కు పిల్లకు పడ్డది. అచ్చేసినవాళ్లకు ఏం పడ్డది? తప్పు దిద్దే ఖర్చు ఎవరు మొయ్యాలనేది శాస్త్రం చెప్పదు. అది మనం తేల్చుకోవాల్సిన ధర్మం. నా మటుకు పిల్ల అడిగినా అడగకపోయినా, పైసా తీసుకోకుండా, దిద్దిన పేపరు ఆమె చేతికి రావాలంటాను. మార్కు సరైనదని రుజువు చెయ్యాల్సింది వేసినవాళ్లు.

ఎస్సీ హాస్టళ్లకు పోయినప్పుడల్లా ఈ మాటే చెప్తున్న. ఓఎంఆర్ కాపీ చూసుకోండి, జవాబుల కీతో సరిచూసుకోండి, అనుమానముంటే అడగండి, ఫీజుకు నలుగురం చందా వేద్దాం అంటున్న. మొన్న ఒక బిడ్డ లేచి నిలబడ్డది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగ అన్నది: "అడిగితే, ఉన్న మార్కులు గూడ గుంజుకుంటరేమో సార్?"