బాలుని బరువు ఎవరి భారము?

మన యిండ్లలో పసిబిడ్డకు దొరకు మొదటి మెప్పు "ఎంత బొద్దుగా నున్నాడో!" అనునది. సెలవులకు వచ్చిన మనుమని గడపలో చూడగానే అవ్వ "చిక్కిపోతివి నాయనా!" అని వాపోవును. కన్నతల్లి ఎంత తినిపించి పంపినను ఆ మాట తప్పదు. దీనిని చూచి నవ్వుట సులభమే గాని న్యాయము కాదు. తెలుగు నేల విడిచి వచ్చి, ఈ పడమటి కనుమల చెంత పాలెము కట్టుకొని, వాన ముఖము చాటువేసిన యేండ్లను గడపిన వంశముల నోట పుట్టిన మాట యది. ఆకలి నెరిగినవారికి బిడ్డ ఒంటిమీది కండయే ధైర్యము.

మన విరుదునగరమున పుట్టిన కామరాజు గారు ముఖ్యమంత్రిగా నుండి 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము నేర్పరచిరి. 1982లో ఎం.జి. రామచంద్రన్ గారు దానిని పోషకాహార పథకముగా విస్తరింపజేసిరి. 2022లో ఉదయపు ఫలహారమును వచ్చి చేరినది. ఆ పళ్లెమే ఆధారముగా బడికి వచ్చు బిడ్డలు నేటికిని గలరు. ఈ సంగతి మరచి స్థూలకాయమును గూర్చి మాటాడరాదు. అయినను రెండవ సంగతియు నిజమే. 5 మొదలు 19 ఏండ్ల వయస్సు వారిలో అధికమైన బరువు గలవారు 1990లో నూటికి 8 మంది. 2022 నాటికి 20 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క యిది. ఒక్క వీథిలోనే ఆకలియు అజీర్ణమును ఇరుగుపొరుగున కాపురముండు కాలము వచ్చినది.

ఇందు దోషమెవరిది అనునదే మా ప్రశ్న.

కొన్నాళ్ల క్రిందట ఒక బడి ఆటల పండుగకు వెళ్లితిమి. పరుగు పందెమునకు ఒక లావుపాటి బాలుడు వరుసలో వచ్చి నిలిచెను. వెనుకనుండి ఎవరో ఒక ఏనుగు పేరు పెట్టి పిలిచిరి. అందరును నవ్విరి, పెద్దలును నవ్విరి. ఉపాధ్యాయుడొకరు దయతోనే వానిని ప్రక్కకు పిలిచి, నీళ్ల కుండల యొద్ద నిలువబెట్టిరి. సాయంకాలము వరకు వాడు తక్కినవారికి నీళ్లు ముంచి యిచ్చుచునే యుండెను. మేమును ఒక గ్లాసు పుచ్చుకొంటిమి. ఆ నీరు నేటికిని గొంతు దిగలేదు.

తప్పు మోపవలెనన్న ఎదుటివానికి ఎన్నుకొను స్వేచ్ఛ యుండవలెను. పదేండ్ల బాలుడు దేనిని ఎన్నుకొన్నాడు? పుట్టుకతో వచ్చిన దేహతత్త్వమును ఎన్నుకొనలేదు. బడికి నడువక వ్యాను ఎక్కుమన్నది మనము. మంచి మార్కులు వచ్చిన నాడు బేకరీ పెట్టె తెచ్చినది మనము. అన్నము తినుటకు చేతిలో సెల్‌ఫోను పెట్టినది మనము. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠమును ఆ ఫోనులోనికే పోయినది. బడులు తెరచిరి గాని బిడ్డల చేతులు దానిని విడువలేదు.

బడి సంగతి యింకను విచిత్రము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలముండవలెనన్నది. మితిమీరిన కొవ్వు, ఉప్పు, చక్కెర గల తినుబండారములను బడిలోపలను, గేటునకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో నియమములు వెలువడినవి. దినమునకు ఒక గంటయైన ఒళ్లు వంచి ఆడవలెనని వైద్యులందురు. ఇవి యన్నియు కాగితముమీద నున్నవి. టైంటేబిలులో పి.టి. అని వ్రాసిన గంటను లెక్కల మాస్టరు తీసికొనినచో ఏ తండ్రియైనను ఫిర్యాదు చేసెనా? ట్యూషను ఒకనాడు మానినచో మాత్రము ఇంటిలో పెద్ద పంచాయితీ జరుగును.

మన ఊరి పేరు మోసిన వేటకుక్కను గూర్చి ఒక్క మాట. 2005లో తపాలా బిళ్లమీదికి ఎక్కిన జాతి యది. దానిని రేయింబవళ్లు గొలుసున కట్టి మేపినచో ఒళ్లు వచ్చి, చురుకు చచ్చి, దాని స్వభావమే మారునని మన ముసలివారికి బాగుగా తెలియును. అట్టి కుక్కను చూచి వారు కుక్కను తిట్టరు; పెంచినవానిని తిట్టుదురు.

ఆడపిల్లల యెడ మన అపరాధము మరింత పెద్దది. పన్నెండేండ్లు నిండగానే "ఇక వీథిలో ఆటలు చాలు" అని లోపలికి పిలుతుము. నాలుగేండ్లు పోయిన పిమ్మట "ఇట్లు బరువెక్కినచో సంబంధములెట్లు కుదురును?" అని ఆ పిల్లనే గద్దింతుము. ఈ రెండు మాటలును ఒక్క నోటనుండియే వచ్చుట మేము మా బంధువుల యిండ్లలోనే కాదు, మా యింటను విన్నాము.

తల్లిదండ్రులు మాత్రము ఏమి చేయగలరని కొందరందురు. వీథులలో బండ్ల రద్దీ నిజము. మిల్లు షిఫ్టు ముగించి వచ్చిన తండ్రికి ఓపిక లేకుండుటయు నిజము. అందువలననే ఇది ఒక్క యింటి పని కాదనుచున్నాము. చావడులు కట్టి, బడులు పెట్టి, ఊరుమ్మడి కార్యములు నడిపిన వారము మనము. ఒక ఆటస్థలమునకు సాయంకాలము తాళము తీయించుట మన చేతగాని పనియా? ఎగతాళి చేసినచో పిల్లవాడు సిగ్గుపడి పరుగెత్తునని తలచువారు పొరబడుచున్నారు. నవ్వులపాలైన బిడ్డ మైదానమునకే రాడు. మూల గదిలో కూర్చుండును, ఊరట కొరకు మరల తినును.

మొన్న ఆ బడికి మరల వెళ్లితిమి. ఆ బాలుడు ఈ యేడు పందెమునకు పేరిచ్చెనా యని అడుగబోయి ఆగితిమి; ఆ ప్రశ్నయు వానివంకకే వేలు చూపును. వారమునకు ఎన్ని ఆటల గంటలు నిజముగా జరుగుచున్నవని ప్రధానోపాధ్యాయుని అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, ప్యూనును పిలిచి, టైంటేబిలు తెమ్మనిరి.