గాదె తలుపు తీయు చేయి

ఇంటి యజమాని గాదె తలుపు తీసి, ఇది వంటకు, ఇది విత్తనమునకు, ఇది అప్పు తీర్చుటకు అని ధాన్యము కొలిచి వేరుచేయును. ఆ యింటనున్న విధవరాలైన చెల్లెలి పాలు ఈ యేడు రెండు కుంచములు తగ్గెననుకొందము. ఆమె అడిగినప్పుడు, "నేను కొలిచితినేగాని, నీకు అన్నము పెట్టవద్దని ఎవరికిని చెప్పలేదే" అని అతడు పలికినయెడల, ఆ మాట అబద్ధమా? అబద్ధము కాదు. న్యాయమా? ఇదియే మన ప్రశ్న.

ఆస్ట్రేలియా పార్లమెంటులో ఇట్టి వాదమే అనేక సంవత్సరములు నడిచినది. 2011లో ఆ దేశము ఒక చట్టము చేసెను. తేబడు ప్రతి బిల్లుతోకూడ, అది మానవ హక్కులకు అనుకూలమో కాదో తెలుపు వివరణ పత్రము జతచేయవలెను. ఉభయసభలనుండి అయిదుగురు చొప్పున పదిమంది సభ్యుల కమిటీ ఆ బిల్లులను పరిశీలించి నివేదించును. (యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రకు దినబత్తెము సరిగా అందుటలేదని సణుగు పుట్టినప్పుడు ఏడుగురిని నియమించిరి గదా, పంచుటను గూర్చి విచారించువారు ఉండుట క్రొత్త సంగతి కాదు.)

ఈ కమిటీకి ఏడు అంతర్జాతీయ ఒడంబడికలు కొలబద్దలు. వాటిలో ఒకటి 1966 నాటి ఆర్థిక, సాంఘిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక. మన దేశము కూడ 1979లో దానిలో చేరినది. తిండి, వైద్యము, చదువు, సాంఘిక భద్రత మొదలగువాటిని రాజ్యము తనకున్న వనరులకొలది క్రమక్రమముగా సమకూర్చవలెననియు, తగిన కారణము లేక వెనుకకు పోరాదనియు దాని భావము. "వనరులకొలది" అనినప్పుడే ద్రవ్యము మాట వచ్చినది.

అయితే ద్రవ్య వినియోగ బిల్లులతో ప్రభుత్వము పెట్టిన పత్రములు ఏమనెను? ఈ బిల్లు ఖజానానుండి డబ్బు తీయుటకు అనుమతి మాత్రమే. ఇది ఎవరికిని హక్కు నీయదు, ఎవరిమీదను బాధ్యత మోపదు. గనుక మానవ హక్కులతో దీనికి ప్రసక్తి లేదు అనెను. కమిటీ దీనిని ఒప్పుకొనలేదు. హక్కులు నెరవేరుటకు డబ్బే సాధనము గనుక, కేటాయింపు తగ్గుట వెనుకడుగు కావచ్చునని, బలహీనులమీద దాని ఫలితమెట్టిదో కొంతైనను తెలుపవలెనని చెప్పెను.

ప్రభుత్వపు మాటలో బలము లేకపోలేదు. అట్టి బిల్లులో ఒక పెద్ద మొత్తము, దానికొక విశాలమైన ప్రయోజనము మాత్రమే వ్రాయబడును. దానిని చూచి ఏ పల్లెలో ఏ ఆసుపత్రికి ఎంత తగ్గునో చెప్పుట కష్టము. కమిటీయే ఆ కష్టమును ఒప్పుకొన్నది. మరియు, తగ్గింపు ప్రతిదియు అన్యాయమే అందుమా? అట్లయిన అప్పులు మనుమలమీద పడును. అదియు ఒక అన్యాయమే. కాని ఒడంబడిక తగ్గింపును నిషేధింపలేదు, కారణము చూపుమని మాత్రమే అడిగినది. కారణము చెప్పనక్కరలేదనువాడు చెల్లెలి యెదుట నిలిచిన యజమానివంటివాడే అని నా తలంపు. చెల్లెలికి ఇంత తగ్గునని యెరిగి కొలిచిన చేయి కొలతపాత్ర చాటున దాగజాలదు.

ఒక సంగతి చూడుడి. 2012లో ఖర్చు తగ్గించుటకై ఆ దేశమున వేరొక బిల్లు తేబడెను. అది ద్రవ్య వినియోగ బిల్లు కాదు, సాంఘిక భద్రతా చట్టమునకు సవరణ. ఒంటరిగా బిడ్డలను పెంచు తలిదండ్రులలో, 2006కు ముందునుండి భృతి పొందుచు పాత నిబంధనలచే కాపాడబడినవారికి ఆ కాపుదల తీసివేయబడెను. కడగొట్టు బిడ్డకు ఎనిమిదేండ్లు నిండగనే వారు అంతకంటె తక్కువైన నిరుద్యోగ భృతికి మారవలసివచ్చెను. వారిలో ఎక్కువమంది తల్లులే. పనికి పోవుటకు ఇది ప్రోత్సాహమని ప్రభుత్వము వాదించెను. ఆ కుటుంబములకు మిగులు సహాయము కనీస జీవనమునకు చాలునని ప్రభుత్వము తగిన ఆధారములు చూపలేదని కమిటీ తన నివేదికలో వ్రాసెను. ఆ నివేదిక వచ్చినది 2013 మార్చిలో. చట్టము జనవరి 1 నుండియే అమలులో నున్నది. కమిటీ మాట బిల్లును ఆపజాలదు, న్యాయస్థానమును కట్టివేయజాలదు.

2023 సెప్టెంబరు 20 నుండి ఆ వయస్సు ఎనిమిదినుండి పదునాలుగుకు పెంచబడెను. 2013 జనవరిలో ఎనిమిదేండ్లు నిండిన బిడ్డకు అప్పటికి పద్దెనిమిది దాటెను.