శ్వాననిద్ర

విద్యార్థికి ఉండవలసిన అయిదు లక్షణములలో శ్వాననిద్ర యొకటియని పెద్దలు చెప్పుచుందురు. పరీక్షలు సమీపించినపుడు ఈ మాట ప్రతి యింటిలోను వినబడును. పిల్లవాడు పుస్తకముపై తల వాల్చినచో తండ్రి దానిని సోమరితనముగా నెంచును. రాత్రి రెండు గంటలవరకు దీపము వెలిగినచో అదియే తపస్సని పొంగిపోవును. ఇది నిజముగా తపస్సేనా? లేక తెలియక చేయుచున్న హింసయా? తల్లిదండ్రులే గాక, విద్యార్థి వసతి గృహములు నడుపు మఠములవారును ఈ ప్రశ్న వేసికొనవలసియున్నది.

చదివినది మనస్సున నిలుచుటకు చదువొక్కటే చాలదు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అను పండితులు ఇద్దరు విద్యార్థులచేత అర్థము లేని పదములను కంఠస్థము చేయించిరి. కొన్నిసార్లు వెంటనే నిద్రింపనిచ్చి, కొన్నిసార్లు మేలుకొని యుండనిచ్చి, పిమ్మట అప్పగింపుమనిరి. నిద్రించిన పిమ్మటనే ఎక్కువ పదములు జ్ఞాపకమున్నవి. తరువాతి పరిశోధనలు కారణమును కొంత విప్పి చూపినవి. పగలు నేర్చినది మొదట మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమున చేరును. గాఢనిద్రలో ఆ జాడలు మరల మేల్కొని, మెదడు పైపొరలో నెమ్మదిగా స్థిరపడును. నిద్రలేని మరునాడు ఆ హిప్పోకాంపస్ క్రొత్త విషయమును సరిగా గ్రహింపజాలదు. నిన్నటి పాఠము నిలువదు, నేటి పాఠము ఎక్కదు. కల్లములోని ధాన్యమును గాదెకు చేర్చకయే మరల కోతకు పరుగిడు రైతును బుద్ధిమంతుడందుమా?

నన్ను ఇంతకంటె కలతపెట్టిన విషయము మరియొకటి కలదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనలో ఆరోగ్యవంతులైన పెద్దలను 14 దినములు రాత్రికి ఆరు గంటలో, నాలుగు గంటలో మాత్రమే నిద్రింపనిచ్చిరి. చివరకు వారి అవధానశక్తి, జ్ఞాపకశక్తి ఒకటి రెండు రాత్రులు బొత్తిగా కన్ను మూయనివారి స్థితికి దిగజారినవి. అయినను తమకంత లోటు కలిగినదని వారికి తోచలేదు. కనుక “నాకేమీ కాలేదు, ఇంకా చదవగలను” అను బాలుడు అబద్ధమాడుట లేదు. కాని ఆ మాటను నమ్మరాదు. తన నష్టమును తానెరుగలేనివానిని కాపాడు బాధ్యత ఎరిగిన పెద్దలదే గదా!

మా బంధువుల బాలుడొకడు వసతి కళాశాలలో చేరెను. అచ్చట ఉదయము 5 గంటలకు లేపి, రాత్రి 11 దాటువరకు చదివించెడివారు. సెలవులకు వచ్చిన అతడు రెండు దినములు లేవకుండ పడుకొనెను. “ఇంటికి వచ్చింది నిద్రపోవడానికేనా నాయనా?” అని మందలించినది నేనే. ఆ మాట నేటికిని నన్ను బాధించుచున్నది.

పగలెల్ల పనిచేసి, వీధిదీపము క్రింద చదివి పైకి వచ్చినవారు లేరా యని కొందరడుగుదురు. ఉన్నారు, వారు వందనీయులు. కాని వారికి గత్యంతరము లేకపోయినది. గతి యున్నవాడు ఆ కష్టమును పిల్లలకు నియమముగా విధించుట వేరు. శివరాత్రి జాగరణమును చూపువారును కలరు. అది ఏడాదికొక్క రాత్రి, భక్తుడు తనంతట తాను చేయునది.

ఇక శ్వానము మాట. ఆ ప్రాణి రోజులో సుమారు సగము కాలము నిద్రలోనే గడుపును! చిన్న చప్పుడైనంతనే లేచు చురుకుదనమును మన పెద్దలు మెచ్చిరి గాని, నిద్ర మానుమనలేదు.

13 మొదలు 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో నిర్ణయించినది. ఆ లెక్కన వేకువన 5 గంటలకు గంట కొట్టు వసతి గృహము రాత్రి 9 గంటలకే దీపములార్పవలెను. అది కుదరనిచో, ఉదయపు గంటనైనను ఆలస్యముగా కొట్టవలెను.